నాన్న చదవని పేరు

మా చిన్నప్పుడు... తొమ్మిదో తరగతిలోకి రాగానే లెక్కలు రెండు రకాలయ్యేవి. జనరల్, కాంపోజిట్. కాంపోజిట్ చదివితేనే ఎంపీసీ, ఆ తర్వాత ఇంజనీరింగు... జనరల్ అంటే అందరికీ చిన్నచూపే.

మా హైస్కూల్లో కాంపోజిట్‌కి ముప్పై మందికే చోటు. ఎనిమిదో తరగతి మార్కులు చూసి పిల్లల్ని ఎంచేది లెక్కల మాస్టారు. ఆ మాస్టారు మా నాన్నే... అదీ నా ఖర్మ!

నాకు లెక్కల పుస్తకం చూస్తేనే చెమటలు పట్టేవి. ఆ వేసవంతా రెడ్డిగూడెం మామిడితోటల్లోనే తిరిగాను గానీ, చిన్నరసాలు కూడా రుచించలేదు... జూన్‌లో బడి తెరుస్తారన్న దిగులు!

"మాస్టారి కొడుకే జనరల్లో కూర్చుంటే చర్చిలో నలుగురికీ ఏం చెప్పుకుంటామండీ?" అని అమ్మ రోజూ పోరేది. నాన్న కంచంలోంచి తలెత్తేవారు కాదు.

బడి తెరిచారు. నాన్న రాసిచ్చిన జాబితా హెడ్మాస్టరుగారి గదిలో టైపయి వచ్చింది. నాన్న క్లాసులో నిలబడి చదువుతున్నారు. ఇరవై తొమ్మిది పేర్లయ్యాయి... ముప్పయ్యో పేరు దగ్గర ఆగిపోయారు.

వరండాలో వెళ్తున్న హెడ్మాస్టరుగారిని ఆపి, "ఏంటి సార్ ఇది? మావాడి పేరుంది," అన్నారు.

"మీ అబ్బాయే కదా మాస్టారూ, నేనే చేర్పించాను... ఉండనివ్వండి. ఎవరడుగుతారు?"

"ఇక్కడ మేరీ పేరుండాలండీ. ఆ పిల్ల అడగదు. అందుకే నేనడుగుతున్నాను."

మేరీ వాళ్లమ్మా నాన్నా మామిడితోటల్లో కూలికి వెళ్లేవారు. లెక్కల్లో నాకంటే పదకొండు మార్కులు ఎక్కువ ఆ అమ్మాయికి. నాన్న ఎర్ర పెన్నుతో నా పేరు కొట్టేసి "మేరీ" అని పిలిచారు. ఆ పిల్ల కంగారుగా లేచి, "ప్రెజెంట్ సార్!" అంది. క్లాసంతా గొల్లున నవ్వింది.

నేను బెంచీ మీద తల వాల్చేశాను. ఏడుస్తున్నాననుకుని పక్కవాడు వీపు నిమిరాడు... నేనేమో నవ్వాపుకోలేక చస్తున్నాను!

సాయంత్రం సైకిల్ మీద ఇంటికెళ్తుంటే నాన్న మెల్లగా అడిగారు. "కోపమొచ్చిందేంట్రా?"

"లేదు నాన్నా... ప్రాణం లేచొచ్చింది."

సైకిల్ ఆగిపోయింది. "ఆ ముక్క ముందే చెప్పొచ్చు గదరా! నువ్వు బాధపడతావని ఈ రెండు నెలలూ నేను సరిగ్గా తింటే ఒట్టు!"

ఇద్దరం రోడ్డు పక్కన నిలబడి కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వాం. అమ్మ మాత్రం వారం రోజులు మా ఇద్దరితోనూ మాట్లాడలేదు.

మేరీ తర్వాత ఇంజనీరైంది. నేను మామిడి అంట్లు కట్టుకుంటూ హాయిగా బతుకుతున్నాను.

ఇప్పుడు ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్ అంటున్నారు... పిల్లాడికి ఇష్టమో కాదో అడిగే తీరికే ఎవరికీ లేదు. ఆ బరువు సంచులు చూసినప్పుడల్లా మా నాన్న మీద ప్రేమ పొంగుకొస్తుంది. పిల్లల పేరు జాబితాలో ఎక్కించే నాన్నలు చాలామందే ఉంటారు... కొట్టేసి బతికించిన నాన్న నాకు దొరికారు.

మీరూ ఏదైనా జాబితాలో పేరు లేక బతికిపోయారా? సిగ్గుపడకుండా చెప్పండి...