ఆ రోజు ఇంటికి పెద్ద

నా బిడ్డ లక్ష్మికి వయసు పెరిగింది కానీ బుద్ధి ఎదగలేదు. నా తర్వాత దాన్ని ఎవరు చూస్తారన్నదే నా దిగులు. ఒకసారి భువనగిరి బస్టాండులో మా పక్కన లక్ష్మిలాంటి పెద్దపిల్లలే కొందరు కూర్చున్నారు. అందరూ ఒకే ఇంట్లో ఉంటారట. ఆ ఇల్లు నడిపే ఆమె వాళ్లలో ఒకతన్ని అడిగింది.

"నర్సింహన్నా, చాయ్ తాగుదమా?"

అతను రోడ్డు వైపు చూసి, "వద్దక్కా, బస్సొస్తది," అన్నాడు. ఆమె లేవబోయి కూర్చుంది.

"నువ్వన్నా తాగొచ్చు గదమ్మా," అన్నాను.

"ఇయ్యాల ఇంటికి పెద్ద ఆయనే అవ్వా. దినానికొకలం పెద్దయితం. ఇయ్యాల నేనినకుంటే రేపు నా మాటెవరింటరు?" అని నవ్వింది.

అతను లక్ష్మి వైపు తిరిగాడు. "చెల్లే, నీళ్లు తాగుతవా?"

అలవాటుగా నేనే జవాబు చెప్పబోయాను. ఆమె నా చేతి మీద చెయ్యి వేసి ఆపింది. అతను సీసా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. లక్ష్మి చాలాసేపు ఆలోచించి, "తాగుత," అంది.

బస్సెక్కుతూ అతను, "మా ఇల్లు చూడనీకి రా చెల్లే," అన్నాడు.

వాళ్ల ఊరి పేరు ఆమెను అడిగి పెట్టుకున్నాను. వాళ్ల బస్సు కదిలాక, "వాళ్లింటికి పోదమా బిడ్డా?" అని లక్ష్మిని అడిగి, అది చెప్పేదాకా నిమ్మళంగా కూర్చున్నాను.