స్పాన్సరు పేరు మింగిన పాట

కారు కొని మునిగినవాళ్ళను మీరు చూసే ఉంటారు. అమ్మి మునిగినవాళ్ళనూ చూసే ఉంటారు. కొనకుండా, అమ్మకుండా, ఊరికే కారు పక్కన నిలబడి మాట్లాడి మునిగినవాణ్ణి మాత్రం చూసి ఉండరు. ఇదిగో, కళ్ళారా చూడండి, నేనే!

అప్పట్లో నాకొక కార్ల ఛానెల్ ఉండేది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారు పెద్దలు. నాకు కారు లేదు, లైసెన్సు లేదు, ఛానెల్ పేరు మాత్రం ‘సీనుగాడి స్టీరింగ్’. బోయిన్‌పల్లిలో ఎవరింటి ముందు కొత్త బండి ఆగినా ఈగలా వాలిపోయేవాణ్ణి. డోరు తెరిచి, మళ్ళీ మూసి, "ఆ సౌండ్ విన్నరా ఫ్రెండ్స్!" అని పరవశంతో కళ్ళు మూసుకునేవాణ్ణి. ఆ చప్పుడులో ఏముందో నాకూ తెలియదు, చూసేవాళ్ళకూ తెలియదు. అందుకే మా స్నేహం సాఫీగా సాగింది.

మా నాయినతోనే సాగలేదు. ఆయనకు మోండా మార్కెట్‌లో స్టీలు సామాన్ల దుకాణం ఉంది.

"గా కార్ల ముంగట నిలవడి ఒర్రితే పైసలెట్ల వస్తయిరా?" అని ఒకరోజు నిలదీశాడు.

"మస్తు తీర్ల వస్తయి నాయినా! వీడియో నడుమ యాడ్స్ వస్తయి గదా, వాటిల మనకు వాటా. కింద లింకు పెడితే, అది నొక్కి ఎవలన్న సామాను కొంటే కమీషన్. అసలు మజా స్పాన్సర్‌తోని. దుకాణపాయన పేరు మనం వీడియోల చెప్తం, ఆయన మనకు పైసలిస్తడు."

"మరి ఇప్పటిదాంక ఏమొచ్చినయ్?"

యాడ్స్ అప్పుడప్పుడే షురూ అయ్యాయి. లింకు నొక్కి కొన్నది మా మేనత్త ఒక్కతే. ఆమె కొన్నది కారులో పెట్టుకునే ఫోన్ స్టాండు, ఆమెకు కారు లేదు. ఇవన్నీ చెప్పేంత అమాయకుణ్ణా నేను?

"వస్తయి నాయినా, జెర ఆగు."

"ఉగాది దాంక ఆగుత. గప్పటికి ఒక్క స్పాన్సర్‌ని తెస్తే నీ జోలికి రాను. లేకుంటే సప్పుడు జెయ్యకుండ వచ్చి దుకాణంల కూసో."

బిందెల మధ్య కూర్చొని, "ఈ గిన్నెకు మూత వస్తదా?" అన్న ప్రశ్నకు జన్మంతా జవాబు చెప్పాలా? దేవుడా!

దేవుడు విన్నాడు. యాదగిరన్నను పంపాడు. ఆయనకు మా గల్లీ చివర కార్ల సీటు కవర్ల దుకాణం ఉంది.

"కొత్త కారుల నా కవర్లు చూపెట్టాలె. నా దుకాణం పేరు నీ నోటితోని సాఫ్‌గ వినవడాలె. గంతే సీనూ, నెలనెలా నీకు పైసలిస్తా."

కొత్త కారు కూడా ఇంటి పక్కనే దొరికింది. గుంటూరు నుంచి వచ్చి స్థిరపడ్డ సుబ్బారావుగారు కారు కొన్నారు, యాదగిరన్న దగ్గరే కవర్లు వేయించారు. కారు వచ్చింది గానీ నడపడం ఇంకా పూర్తిగా రాలేదు. గేటు ముందు వాహనపూజ. ఇంతకన్నా మంచి వీడియో ఏముంటుంది?

నా తెలివి ఊరుకుంటుందా? పెద్ద స్పీకరు అద్దెకు తెచ్చి, ఊరూవాడా మోగుతున్న ఒక భక్తిపాటను ఫుల్ సౌండుతో పెట్టాను.

పంతులుగారు చెవులు మూసుకున్నారు. "ఆ పాటెందుకు నాయనా? మంత్రం ఉంది కదా?"

"ఉత్త మంత్రం సప్పగుంటది పంతులుగారూ! మ్యూజిక్ ఉంటెనే వీడియోకు జాన్ వస్తది."

"పూజ కారుకా, వీడియోకా?"

జవాబు చెప్పే తీరిక నాకెక్కడిది? టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. సుబ్బారావుగారు కారును ముందుకు కదిపారు. నిమ్మకాయలు నలిగాయి. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడు చూసుకున్నాను, సీటు కవర్లు ఫ్రేములో పడనే లేదు.

"అంకుల్, ఒక్కసారి రివర్స్ వచ్చి మళ్ల తొక్కుండ్రి!"

"ఏవయ్యా, ముందుకెళ్ళడమే మొన్న నేర్చుకున్నాను, వెనక్కెలా రమ్మంటావు?"

"నిమ్మకాయలు మళ్ళీ తొక్కించడం ఏ శాస్త్రంలోనూ లేదు," అన్నారు పంతులుగారు.

"యూట్యూబ్ శాస్త్రంల ఉంది పంతులుగారూ!"

అందరం తోసి కారును వెనక్కి తెచ్చాం. కొత్త నిమ్మకాయలు పెట్టాం. సుబ్బారావుగారు కంగారులో ఒకటి నొక్కబోయి ఇంకొకటి నొక్కారు. కారు ఎగిరి దూకింది. దిష్టి తీయడానికి పక్కన పెట్టిన బూడిద గుమ్మడికాయ దాని కింద పడి ఫట్‌మని పేలింది. పంతులుగారి పంచె మీద అభిషేకం, ఆయన అరిచిన మాట మంత్రంలోది కాదు. సుబ్బారావుగారు "అమ్మోయ్!" అని కేక పెట్టారు. ఆ గందరగోళంలోనూ నేను వృత్తిధర్మం మరవలేదు. యాదగిరన్న దుకాణం పేరు గొంతు చించుకొని చెప్పాను.

వీడియో పెట్టిన మర్నాటికి ఊరంతా అదే చూస్తోంది. గుమ్మడికాయ దగ్గర ఆపి, మళ్ళీ మళ్ళీ చూస్తున్నారట. సంతోషం పట్టలేక ఇంట్లో చిందులేశాను. "స్పాన్సర్ దొరికిండు నాయినా!" అని ప్రకటించాను. అంతలో ఫోనుకు ఒక మెసేజ్ వచ్చింది. వీడియోలోని పాటకు హక్కుదారులు వేరే ఉన్నారు, కాబట్టి ఈ వీడియో మీద వచ్చే యాడ్స్ డబ్బు వాళ్ళకే వెళ్తుంది అని.

అంటే తోసింది మేము, తొక్కింది సుబ్బారావుగారు, తడిసింది పంతులుగారు, పైసలు పాటవాళ్ళకా? నా ఒళ్ళు మండింది. అక్కడే ‘పాట తీసివేయండి’ అని కనబడితే టక్కున నొక్కాను. పాట మోగినంతసేపూ మిగతా శబ్దం కూడా పోతుందని కింద రాసే ఉందట. రాసినవి చదవడం మా వంశంలో లేదు. ఫోన్ నిండిందని అసలు వీడియోను అంతకుముందే చెరిపేశాను.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. పంతులుగారి పెదవులు కదులుతున్నాయి, మాట లేదు. గుమ్మడికాయ పేలింది, చప్పుడు లేదు. నేను చేపలా నోరు తెరిచి మూస్తున్నాను. "అన్నా, పంటినొప్పా?" అని కింద ఒకాయన కామెంటు పెట్టాడు.

పంతులుగారు సంగతి తెలిసి పగలబడి నవ్వారు. "మా మంత్రం మీద ఇన్ని యుగాల్లో ఏ కంపెనీ వాడూ హక్కు అడగలేదు నాయనా!"

యాదగిరన్న నవ్వలేదు. నన్ను పిలిపించి, వీడియో నడుస్తున్న ఫోనును చెవికి ఆనించుకున్నాడు.

"నా పేరేదిరా సీనూ?"

"పేరుందన్నా, వినవడతలేదంతే."

ఆయన ఖాళీ గుప్పిట నా అరచేతిలో పెట్టి తెరిచాడు. "ఇగో, తీస్కో. వినవడని పేరుకు కనవడని పైసలు."

నా ముఖం చూసి మళ్ళీ ఆయనే జాలిపడ్డాడు. ఉత్త చేతులతో పంపడం ఇష్టంలేక, కొలత తప్పి మిగిలిపోయిన ఎర్రటి సీటు కవరు ఒకటి చేతిలో పెట్టాడు.

ఉగాది రానే వచ్చింది. నాయిన ఆ కవరునూ నన్నూ మార్చి మార్చి చూసి, కవరును తీసుకున్నాడు. మర్నాడు దుకాణానికి వెళ్తే, గల్లా ముందున్న స్టూలుకు ఆ ఎర్ర కవరు బిగించి ఉంది.

"కూసో బిడ్డా," అన్నాడు మురిపెంగా. "నీ స్పాన్సర్ ఇచ్చిన సీటే."

కూర్చున్నాను. నిజం చెప్పొద్దూ, మెత్తగా ఉంది. "గా మూగ వీడియో పిలగాడివి నువ్వే గదా!" అని నవ్వుకుంటూ వచ్చినవాళ్ళు ఒక గిన్నె ఎక్కువే కొంటున్నారు. నాయిన ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

కాబట్టి చదువరులారా, ఈ స్టీలు బిందెల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ప్రాణం పోయినా సరే, పరాయివాళ్ళ పాట మోగుతున్నచోట నోరు తెరవను. చుట్టాల పెళ్ళిలోనైనా సరే, బ్యాండు ఆగాకే "బాగున్నరా?" అంటాను.