అప్‌డేట్ అన్నడు సారు

మహబూబాబాద్‌ల నాది కంప్యూటర్లు బాగుచేసే చిన్న దుకాణం. హైదరాబాద్‌ల రెండేండ్లు కోర్సు నేర్చుకుని వచ్చిన. అక్కడ నేను మన యాసల నోరు తెరిస్తే క్లాసంత నవ్వేది. అందుకని మాట మార్చుకున్న. ఊరికొచ్చినంక గూడ అదే మాట.

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు లెవ్వు, బడులు లెవ్వు. రిటైరైన తెలుగు సారు ఒకాయన ఇంటికి పిలిపించిండు. మన మాటలను సినిమాలల్ల ఎక్కిరిస్తుంటే మనసు మండి, ఆయన గంగారం అడివి నుంచి దేవరుప్పుల దాక తిరిగిండు. ముసలోళ్ల నోట్లె మాటలు ఏరుకొచ్చి, వాటి అర్థాలతోని కంప్యూటర్ల ఎక్కిచ్చిండు. ఆరేండ్ల పని.

"బిడ్డా, గిది జర అప్‌డేట్ జెయ్. వైరస్‌లు రాకుండ కొత్తయి ఏవో ఇస్తరట గద, గవి ఎక్కియ్యి" అని చెప్పి దీక్ష శిబిరానికి పోయిండు.

నాకు లోపల నవ్వొచ్చింది. ఈయనకు అప్‌డేట్‌కు, అప్‌గ్రేడ్‌కు తేడా ఏం తెలుసు అనుకున్న. కంప్యూటరేమో నత్త లెక్క నడుస్తున్నది. ఏకంగ కొత్త సిస్టమే ఎక్కిస్తే సారు ఖుషీ అయితడనుకున్న. ఫొటోలు, ఉత్తరాలు పక్కకు తీసిపెట్టిన. ఆయన మాటలన్నీ పాత తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ ఫోల్డర్‌లనే ఉన్నయని నాకు అప్పుడు ఎరుకలేదు. అది తెరిచి సుత చూడలే. అంత తుడిచేసి కొత్తది వేసిన.

పొద్దుగూకే యాళ్లకు సారు వచ్చి కంప్యూటర్ ముందల కూసున్నడు. శానసేపు వెతికిండు.

"నా మాటలేవి?"

"అప్‌గ్రేడ్ చేశాను సార్."

"ఎవలు జెయ్యమన్నరు? ఇంటికి సున్నం ఎయ్యమంటే ఇల్లు కూలగొట్టినవా?"

"మీరు పొరపాటున అప్‌డేట్ అన్నారనుకున్నాను సార్."

ఆయన కోపం అక్కడనే ఆగిపోయింది. నన్ను కొత్తోన్ని చూసినట్టు చూసిండు.

"మన నోట్లెకెల్లి ఏదొచ్చినా తప్పే ఉంటదని నీకెవలు నేర్పిండ్రు బిడ్డా?"

నేను కంప్యూటర్‌లకెల్లి డిస్కు ఊడదీసిన.

తుడిచిపోయినయి మళ్ల తీపిద్దామని అది పట్టుకుని వరంగల్ పోయిన, హైదరాబాద్ పోయిన. తిరిగొచ్చినయి ముక్కలే, అర్థంకాని గుర్తులే. రాసుకున్న కాయితాలను సారు టైపు కాంగనే చింపేసేటోడట. మళ్ల మొదలుపెట్టుమని బతిమిలాడిన. "గంగారంల చెప్పిన అవ్వ లేదు, కురవిల చెప్పిన తాత లేడు. ఎవల్ని అడగాలె?" అన్నడు.

రాష్ట్రం వచ్చింది. మన బాస మీద పుస్తకాలు శాన వచ్చినయి. రెండు మూడు నేనే టైపు చేసిచ్చిన. సారు పుస్తకం మాత్రం రాలే. ఆయన పోయేదాక ఎవలి ముందటా నా పేరు ఎత్తలే.

ఆ మాటలు ఏమైనయని ఎవలన్న అడిగితే, కరెంటు ఎక్కువొచ్చి కంప్యూటర్ కాలిపోయిందని చెప్తున్న, ఇప్పటికీ.