డిజిటల్ బోర్డుకు పెట్టిన బొట్టు

ఆ రోజుల్లో, అంటే మరీ తాతల కాలమేం కాదు, బడులకు డిజిటల్ బోర్డులు కొత్తగా వస్తున్న రోజుల్లో, గోదావరిఖనిలో నాకంటే తెలివైన టీచరు లేరని నేను గట్టిగా నమ్మేదాన్ని. ఉద్యోగంలో కొత్త, వయసులో అందరికంటే చిన్న. "నువ్వు పొద్దుమాపు ఫోన్లనే ఉంటవ్ గద, నువ్వే పో" అని హెడ్మాస్టరు సారు నన్నే శిక్షణకు పంపారు. నేను సర్టిఫికెట్టు పట్టుకుని తిరిగొచ్చేసరికి మా బోర్డు దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. బొగ్గు దుమ్ము పడుతుందని పైకి చెప్పేవారు గానీ, అసలు భయం వేరు. బిగించినవాళ్లు ఒకసారి ఆడించి చూపించి వెళ్లాక దాన్ని ముట్టుకున్నవాళ్లు లేరు. "ఖరాబైతే జవాబు ఎవలు చెప్పాలె?" అన్న సారు మాటే అందరి చెవుల్లో మోగుతుండేది.

ముందుకొచ్చింది ఒక్క మ్యాప్ మేడమే. ఆవిడ సోషల్ చెబుతారు. వెనక్కి తిరిగి పిల్లలతో మాట్లాడుతూనే సుద్దముక్కతో దేశపటం గీసేయగలరు, అందుకా పేరు. రిటైర్మెంటు దగ్గరపడుతోంది. "పోయేలోపు నేను గూడ దీనిమీద ఒక్క పాఠం చెప్పాలె బిడ్డా. పిల్లలు నన్ను పాతకాలపుదనుకోవద్దు" అన్నారు. నేను అభయహస్తం ఇచ్చాను. (అప్పట్లో నా చెయ్యి ఎప్పుడూ అభయహస్తంలోనే ఉండేది.)

పాఠం రోజు పొద్దున్నే నేను చేసిన మొదటి పని బోర్డుకు బొట్టు పెట్టడం. మా నాన్న ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు మోసే డంపర్ నడిపేవాడు. దసరాకు ఆ డంపర్‌కు జరిగినంత మర్యాద మా ఇంటి అల్లుళ్లకు కూడా జరిగేది కాదు. కొత్త యంత్రాన్ని బొట్టు పెట్టకుండా ముట్టుకోవడం మా ఇంటావంటా లేదు. కుంకుమ తడిపి నాలుగు మూలలా, చట్రం అద్దానికి ఆనుకునే చోట, నిండుగా పెట్టాను. కొబ్బరికాయ కూడా తెచ్చాను గానీ కరెంటు వస్తువని అటెండరు కొట్టనివ్వలేదు.

ఎనిమిదో తరగతి కిక్కిరిసి ఉంది. తక్కిన టీచర్లు గుమ్మంలో నిలబడ్డారు. మేడం బోర్డు మీది దేశపటంలో గోదావరి పుట్టిన చోట వేలు పెట్టారు. గీత అక్కడ పడకుండా పై మూలనుంచి కింది మూలకు సర్రున పోయింది. చెరపబోతే ఇంకోటి. పేజీలు వాటంతటవే తిరిగాయి. పిల్లలు పకపకా నవ్వారు. నేను వెనకనుంచి నా విద్యంతా ప్రదర్శించాను: "వేలు తడిగుంది మేడం, తుడుచుకోండ్రి... గాజులు తగుల్తున్నయేమో, తీయుండ్రి... ఉంగరం గూడ." ఆవిడ పెళ్లినాడు చర్చిలో తొడిగిన ఉంగరం అది. వేలు లావెక్కి రావడం లేదు. పంపు దగ్గరికి వెళ్లి, సబ్బు రాసి, లాగి లాగి తీసి, కందిపోయిన వేలితో మళ్లీ వచ్చి ముట్టుకున్నారు. మళ్లీ అదే గీత.

"నా వేళ్లకే అచ్చిరాలేదు బిడ్డా. సుద్దముక్క చాలు నాకు" అని వెళ్లిపోయారు. గుమ్మంలో ఉన్నవాళ్లు కూడా ఒక్కొక్కరే జారుకున్నారు. ఇంక ఈ బడిలో దుప్పటి లేవదని నాకర్థమైంది.

మర్నాడు శుక్రవారం. పాత బొట్టు తుడిచి కొత్తది పెడదామని పిల్లలు రాకముందే వెళ్లాను. నిన్న ఎవరూ ఆపకపోవడంతో బోర్డు ఆన్‌లోనే ఉంది, గీతలు గీసుకుంటూనే ఉంది. బొట్లు తుడవగానే ఆగిపోయింది. కొత్త బొట్టు పెట్టగానే సర్రున గీత! అదీ తుడిచేస్తే మళ్లీ ఆగింది. అప్పుడు గుర్తొచ్చింది, చట్రంలోంచి కంటికి కనిపించని కిరణాలు పోతుంటాయనీ, వాటికి ఏది అడ్డొచ్చినా బోర్డు వేలనుకుంటుందనీ శిక్షణలో చెప్పారు. నాకు చెవులదాకా వేడెక్కింది. ఆ కందిన వేలు కళ్లముందే ఉంది.

ఏదో ఒక సాకు చెబుదామనే స్టాఫ్ రూముకు వెళ్లాను. మేడం నా చేతి ఎరుపు చూసి "ఏంది బిడ్డా, దెబ్బ తాకిందా?" అని లేచి వచ్చేసరికి సాకు నోట్లోనే కరిగిపోయింది. అంతా చెప్పేశాను. ఆవిడ "నాకు చెప్తే ఏం ఫాయిద? నవ్విన్రు గద, ఆళ్లకు చెప్పు" అన్నారు.

చెప్పాను, ఎనిమిదో తరగతి ముందు నిలబడి. నిన్నటికి రెట్టింపు నవ్వారు. గుమ్మంలో మళ్లీ చేరిన టీచర్లు కూడా నవ్వారు. లెక్కల సారైతే కళ్లు తుడుచుకుంటూ, "శిక్షణకు పోయొచ్చినామెనే గిట్ల చేస్తే, ఇగ మనకెందుకు భయం? జరుగుండ్రి, నేను ముట్టి చూస్త" అని లోపలికొచ్చేశారు.

"ఆగుండ్రి సారూ, ముందుగాల నాది" అన్నారు మేడం. నా వైపు తిరిగి, "పోయి కూసో బిడ్డా. ఇగ నేను చెప్పుకుంట."

ఇప్పుడు నస్పూర్ నుంచి కమాన్‌పూర్ దాకా టీచర్లకు బోర్డులు నేర్పుతున్నది నేనే. వెనక బెంచీలో పిల్లల మధ్య, ఎర్రటి చేతులు ఒళ్లో దాచుకుని కూర్చున్న అప్పటి నన్ను, ఆ సర్టిఫికెట్టు పిల్లను, తలుచుకుంటే సిగ్గుతో పాటు ఈమధ్య కొంచెం జాలి కూడా వేస్తోంది. మేడం వేలికింద గోదావరి సముద్రం దాకా వెళ్లి పిల్లలు చప్పట్లు కొట్టేదాకా, పాపం, తలెత్తి చూసే ధైర్యం చెయ్యలేదు.