సున్నంలో ఉడికిన మక్కలు

మా అత్త నడుముకు ఎప్పుడూ ఒక గుడ్డ సంచి వేలాడుతుండేది. అందులో తమలపాకులు, నాలుగు వక్కలు, నిమ్మకాయంత ఇత్తడి సున్నపు డబ్బీ ఉండేవి. తాళంచెవులైనా ఇచ్చేదేమో గానీ ఆ డబ్బీని మాత్రం ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. మంఖాల్ నుంచి శంషాబాద్‌కు కోడలిగా వచ్చిన కొత్తలో, ఒకసారి కింద పడిన డబ్బీని తీసి ఇవ్వబోయాను. "వెట్టు, ఆడనే వెట్టు" అని కసిరింది. అబ్బో, ఇత్తడి ముక్కకు ఇంత రాజసమా అనుకున్నాను. అప్పుడు నాకు పదహారేళ్లు.

యుద్ధం ముగిసిన ఏడాది అది. వానలు సరిగ్గా పడలేదు. పండిన నాలుగు జొన్నలూ సర్కారు లెవీకి పోయాయి. మాకు మిగిలినవి ఇంటి వెనక పెంటచేలో పండిన మక్కలు, గట్ల మీద కాసిన బొబ్బర్లు, మిరపకాయలు. ఇంట్లో తినే నోళ్లు ఆరు: అత్త, మా ఆయన, నేను, ఫౌజు నుంచి అప్పుడే తిరిగొచ్చిన మా ఆయన అన్న, అంటే మా బావ, తల్లి లేని ఆయన ఆడపిల్లలు ఇద్దరు. ఆయన దూరాన ఉండగానే వాళ్ల తల్లి జ్వరంతో పోయింది. పిల్లలను సాకింది మా అత్తే.

మక్కలంటే మొక్కజొన్నలే. మాకు అది కాల్చుకుని కొరుక్కు తినే కంకి, అంతే. రోజూ రెండు పూటలా వాటితోనే కడుపు నింపుకోవాలంటే తెలుస్తుంది అసలు సంగతి. మక్క పిండిలో ఎన్ని వేడినీళ్లు పోసినా రొట్టె అంచులు పగిలిపోయేవి. చల్లారితే చెప్పు అట్ట. మా ఆయన దవడలు నొప్పి పెడుతున్నాయని తిట్టుకుంటూనే తినేవాడు. పిల్లలు ఒక ముక్కను మజ్జిగలో నానేసుకుని గంటసేపు నాకేవాళ్లు. మా అత్తకేమో పళ్లన్నీ ఊడిపోయాయి. మక్క రవ్వతో గట్క కాచి పెడితే మెత్తగానే ఉండేది, కానీ ఆ పొట్టు ఆమెకు అరిగేది కాదు. తిన్న గంటకల్లా కడుపు పట్టుకుని గోడకు ఒరిగేది. రెండు రోజులు తిని, మూడోనాటి నుంచి గిన్నె పక్కకు జరపడం మొదలుపెట్టింది.

"నాకు ఆకలైతలేదు. పోరలకు వెట్టు."

ఆ మాట ఎన్నిసార్లు విన్నానో! ముసలి మనిషి, తిండి తగ్గింది కాబోలు అనుకున్నాను. పదహారేళ్ల బుర్ర, ఇంకేం తడుతుంది! ఒక రోజు సంజెవేళ ఆమె నీళ్ల కుండ దగ్గరికి వెళ్తూ గోడను పట్టుకుని ఆగింది. రెండడుగులు వేసి మళ్లీ ఆగింది. గాజులు మోచేతి దాకా జారిపోయి ఉన్నాయి. ఈవిడకు ఆకలి లేకపోవడం కాదు, ఆకలిని తమలపాకు నమిలి చంపుకుంటోంది. పళ్లు లేక దాన్ని కూడా చిన్న రోట్లో దంచుకునే మింగేది. ఇలాగే ఉంటే వచ్చే అమావాస్య దాకా కూడా మిగలదని నాకు ఆ క్షణాన అర్థమైంది. అత్తంటే భయమే గానీ, జ్వరం వచ్చిన రోజు నా తల ఒళ్లో పెట్టుకున్న మనిషి కూడా ఆమే. ఆమెను పోనివ్వకూడదు అనుకున్నాను.

మా బావకూ ఆ సంగతి తెలుసు. ఆయన అస్సాం అడవుల్లో రోడ్డు వేసే దండుకు వంట చేసి వచ్చినవాడు. గిన్నెలో ఎంత మిగిలిందో దూరం నుంచే కనిపెట్టేవాడు. కానీ ఇంట్లో వంట నాది, నేను ఆయనకు తమ్ముడి భార్యను. ఆ కాలపు ఆచారం, మా మధ్య మాటల్లేవు. ఎదురుపడితే కొంగు లాక్కుని తలుపు వెనక్కి పోవాల్సిందే. మరి ఆయన నాకు ఏదైనా చెప్పాలంటే? బర్రెకు చెప్పేవాడు! కొట్టంలో దాని వీపు రుద్దుతూ, వంటింటి దాకా వినబడేలా మాట్లాడేవాడు. నేను జవాబు చెప్పాలంటే పిల్లితో చెప్పేదాన్ని. కొంపలో ఆ ఇద్దరికీ తెలియని విషయం లేదు.

ఆ సాయంత్రం కొట్టం నుంచి గొంతు వినబడింది.

"ఇను బర్రె. ఆ అడవుల మాతోని అమెరికా సిపాయి ఒకడు ఉండె. వాని అమ్మమ్మది మెక్సికో అనే ముల్కు. ఆడ జొన్నలు లెవ్వు, గోధుమలు లెవ్వు, అందరు మక్క రొట్టెనే తింటరట. పళ్లు లేని ముసలోళ్లు గూడ."

నా చేతిలోని గరిట ఆగిపోయింది.

"మక్కలు సున్నపు నీళ్లల్ల ఉడకవెడ్తరట, బర్రె. సేరు మక్కలకు రేగ్గాయంత సున్నం. రాత్రంత నానవెట్టి, తెల్లారి సన్నికంటి మీద నూరాలె. వాడు నా ముంగటనే జేసిండు. నేను తిన్న. దూది లెక్క ఉండె. అండ్ల ఉడికిన గింజలు, పైన మిరప తొక్కు వెట్టి మడిచి తింటరు."

సున్నం! గోడలకు పూసే సున్నం, ఆకుకు రాసే సున్నం! ఓరి దేవుడా, దాన్ని అన్నంలో వేసుకుని తినే మనుషులు కూడా ఉంటారా అని నోరు వెళ్లబెట్టాను. భూమికి అవతల ఎక్కడో ఒక ముసలమ్మ, పళ్లు లేని నోటితో, మా పెంటచేలో పండే గింజనే తింటోందంటే ఎందుకో ఒళ్లు ఝల్లుమంది. ఇప్పుడు మా ఇంటి మీదుగా విమానాలు దిగుతూనే ఉంటాయి. వాటిలో మెక్సికో దాకా పోయేవాళ్లు కూడా ఉంటారట. నాకు మాత్రం ఆ దేశం మా బర్రె కొట్టం నుంచే తెలుసు.

ఆ రాత్రే మక్కలు పొయ్యి మీద పెట్టాను. అత్త డబ్బీ అడిగే ధైర్యం నాకెక్కడిది? పెరట్లో గోడలకు వేయడానికి నానేసిన సున్నం కుండలోంచి తీశాను. రేగ్గాయంత అన్నాడు గదా, ఎక్కువేస్తే ఇంకా మెత్తబడతాయని నిమ్మకాయంత వేశాను. చూస్తుండగానే తెల్లటి గింజలు పసుపు ముంచినట్టు రంగు తిరిగాయి. కళ్లప్పగించి చూశాను. తెల్లారి ఆ నీళ్లతోనే మక్కలు నూరి, ఆ నీళ్లతోనే పిండి కలిపాను. మా ఊరి ఆడది ఉడికిన నీళ్లు పారబోస్తుందా? గంజి పారబోయం, పప్పు కట్టు పారబోయం. మక్కల నీళ్లు మాత్రం ఎందుకు పారబోస్తాను! బావ ఆ ముక్క చెప్పలేదు, బర్రె అడగలేదు.

రొట్టెలు బాగానే కాలాయి. మొదటిది అత్త చేతిలో పెట్టాను. పాపం, ఎన్నాళ్లకో ఆశగా నోట్లో పెట్టుకుంది. ఒక్క నిమిషం. ఉమ్మేసి నోరు పట్టుకుంది. నాలుక అంతా ఎర్రగా పొక్కింది. పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. మా ఆయన పళ్లెం నెట్టేసి లేచాడు.

"సున్నం దినవెట్టినవానే మా అవ్వకు? నీకేమన్న దిమాక్ ఉన్నదా?"

పిల్లల చేతుల్లోని రొట్టెలు లాక్కున్నాను. ఆ పూట, మరుసటి పూట అత్త మజ్జిగ కూడా మింగలేకపోయింది. నులక మంచం మీద ఆమె పక్కకు తిరిగి పడుకుంటే వీపు ఎముకలు లెక్కపెట్టొచ్చు. ఎవరూ చంపలేదు ఆమెను, నేనే చంపుకుంటున్నాను అనుకున్నాను. వంటింటి మూల కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. మా అమ్మ దగ్గరికి పోదామంటే ఏ ముఖంతో పోను?

అప్పుడు గడప దగ్గర అలికిడి అయ్యింది. మా బావ. గడప అవతల, ఇటు వీపు పెట్టి నిలబడ్డాడు. ఈసారి బర్రెతో కాదు.

"బిడ్డా, తప్పు నాది. నీళ్లు వారబొయ్యమని చెప్పలే. నాలుగు నీళ్ల కడగాలె, పొట్టు వొయ్యేదాంక పిసకాలె. నీది తప్పు గాదు. జర పరేషాన్ గాకు."

పెళ్లయిన ఏడాదిలో ఆయన నాతో నేరుగా మాట్లాడటం అదే మొదలు. అంత పెద్దమనిషి, ఫౌజు చూసి వచ్చినవాడు, గడప బయట తల వంచుకుని నాకు తన తప్పు చెప్పుకుంటున్నాడు! జవాబు ఇవ్వాలని ఉంది, కానీ కొంగు ముఖం మీదికి లాక్కున్నాను. ఆయన వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున అత్త నన్ను మంచం దగ్గరికి పిలిచింది. ఇక చీవాట్లు తప్పవనుకుని వెళ్లాను. ఆమె నడుము సంచిలో తడుముకుని ఇత్తడి డబ్బీ తీసింది. నా చెయ్యి పట్టుకుని అరచేతిలో పెట్టింది. అది ఆమె ఒంటి వేడికి వెచ్చగా ఉంది.

"గోడ సున్నం వేస్తరానే ఎవ్వలన్న? ఇది తినే సున్నం. మల్ల జెయ్యి. మంచిగ గడుగు."

నోరు పొక్కిన మనిషి, మాట తడబడుతూనే చెప్పింది. ఈసారి సరిగ్గా చేస్తావా అని కూడా ఆమె అడగలేదు, నమ్మేసింది. ఆ నమ్మకానికి నేను ఎక్కడ సరిపోతానని దిగులు వేసింది.

ఈసారి రేగ్గాయంతే వేశాను, ఒక చిటికె అటూ ఇటూ కాకుండా. రాత్రంతా నానింది. తెల్లారి మొదటి నీళ్లు పారబోస్తుంటే చెయ్యి వెనక్కి లాగింది, అయినా పారబోశాను. పాడు నీళ్లు! రెండో నీళ్లలో పిసికాను. అప్పుడు చూశాను ఆ వింత. గింజ మీది పొట్టు, మా అత్త కడుపును నొప్పించిన ఆ పొట్టు, దానంతట అదే ఊడి నీళ్ల మీదికి తేలింది. ఎన్ని రోజులు విసిరినా, చెరిగినా పోనిది, చిటికెడు సున్నానికి వదిలి వచ్చేసింది. నాలుగో నీళ్లకు చేతిలో బంగారు ముద్దల్లాంటి గింజలు మిగిలాయి. తొలకరి చినుకు పడ్డ గోడ వాసన వచ్చింది. ఆ గింజలు వేళ్లతో తాకుతూ ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు. ఈ సంగతి ముందుగా ఎవరు కనిపెట్టి ఉంటారు? ఏ ముసలమ్మ నోటికోసమో ఏ కోడలో కనిపెట్టి ఉంటుంది. నాకు ఆమె ముఖం చూడాలనిపించింది.

సన్నికంటి మీద నూరితే పిండి వెన్నలా సాగింది. చేత్తో తట్టితే అంచులు పగలలేదు. పెంక మీద వేస్తే, మక్క రొట్టె, ఏనాడూ పొంగని మక్క రొట్టె, పుల్కాలా పొంగింది! పిల్లలు చప్పట్లు కొట్టారు. పొద్దున్నే ఉడకేసిన బొబ్బర్లను వెల్లుల్లి, చెంచాడు నూనెతో మెదిపాను. మిరపకాయలు, పట్నం అంగడికి పోగా మిగిలిన రెండు టమాటలు నిప్పుల మీద కాల్చి, ఉప్పు వేసి రోట్లో కచ్చాపచ్చాగా నూరాను. బావ బర్రెకు చెప్పినట్టే రొట్టెలో బొబ్బర్లు, పైన కాస్త పచ్చడి పెట్టి మడిచాను. అత్తకు మాత్రం కారం లేకుండా చేశాను. పండగ వంట కాదు, ఖరీదు వంట కాదు, ఇంట్లో పడి ఉన్నవే అన్నీ.

పొద్దుగూకుతోంది. అందరం అత్త ముఖమే చూస్తున్నాం. మా ఆయన చేతిలో రొట్టె అలాగే ఉంది. ఆమె ఒక చిన్న ముక్క తుంచి నాలుక మీద పెట్టుకుంది. చిగుళ్లతో అదిమింది. మింగింది. మరో ముక్క. ఎవరి ముఖమూ చూడకుండా, పిల్లల కోసం ఒక్క ముక్కా కొంగులో దాచకుండా, రొట్టె మొత్తం తిన్నది. తర్వాత ఖాళీ పళ్లెం నా వైపు జరిపింది.

"ఇంకోటి వెయ్యి."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎన్నాళ్లుగా ఈ నోట "నాకు ఆకలైతలేదు" తప్ప వేరే మాట విన్నానా? ఇంకోటి వేశాను. అదీ తిన్నది. కడుపు పట్టుకోలేదు, గోడకు ఒరగలేదు. మూడోది సగం తిని, చేయి కడుక్కుని, డబ్బీ ఇవ్వమని చెయ్యి చాపింది. ఇచ్చాను.

బావ అప్పటికే తన రొట్టె పట్టుకుని బయటికి వెళ్లిపోయాడు. కొట్టంలోంచి ఆయన గొంతు వినబడింది. ఏడుస్తున్నాడని మాట వణకడాన్ని బట్టి తెలిసింది.

"ఇన్నవానే బర్రె? మా అవ్వ ఇంకోటి అడిగింది."

పిల్లి నా కాళ్ల దగ్గరే ఉంది. నేను దాని వైపు చూడలేదు. కొంగు సర్దుకుని గడప దాకా వెళ్లాను.

"పిండి ఇంక ఉన్నది బావా" అన్నాను. "నువ్ గూడ ఇంకోటి తిందువు రా."