అచ్చియ్యమ్మ గుర్రం సముద్రానికి వెళ్లిన సంగతి

నేను మా ఊరి బడిలో అయిదో తరగతి దాకా చదివినవాణ్ణి. ఆ చదువుతోనే రెండుసార్లు పంచాయతీ మెంబరుగా గెలిచాను. ముప్పై ఏళ్లు గోవాడ ఫ్యాక్టరీకి చెరకు తోలాను, ఒక్క బండీ వెనక్కి రాలేదు. నేను పూనుకున్న పని చెడిందన్నవాడు చోడవరం చుట్టుపక్కల లేడు. మా చెల్లెలు అచ్చియ్యమ్మ ఒక్కతే ఆ మాట అనగలదు. అందుకే దాని కథ రాస్తున్నాను.

దాని మొగుడు పరదేశి పెళ్లి ఊరేగింపులకు గుర్రం తోలేవాడు. అతను పోయాక గుర్రాన్ని అమ్మేస్తుందనుకున్నారందరూ. అమ్మలేదు. తలకు తువ్వాలు చుట్టి, పెళ్లికొడుకును ఎక్కించి, కళ్లెం పట్టి తనే నడిచింది. ఆ తెల్ల గుర్రం పేరు చిన్నారి. డప్పు మోగితే ముందుకాళ్లెత్తి ఆడేది. పైనున్నవాడు పడకుండా అచ్చియ్యమ్మ కళ్లెం పొట్టిగా బిగించి పట్టుకునేది.

ఇప్పుడు పెళ్లికొడుకులు కారు టాపులోంచి తల బయటపెట్టి చేతులూపుతున్నారు. గుర్రాన్ని పిలిచేవాడు లేడు. దాణాకు జరగక చిన్నారిని అమ్మాల్సిన రోజు వచ్చింది. పిల్లలు లేని మనిషి, వారం రోజులు సరిగా అన్నం తినలేదు.

అప్పుడే నాకు దిలీప్ తగిలాడు. విశాఖపట్నం వాళ్లను గుర్రాలెక్కించి, రేవుపోలవరం నుంచి పెంటకోట దాకా సముద్రపొడ్డునే రెండు రోజులు తిప్పే కుర్రాడు. అయిదు గుర్రాలున్నాయి, ఆరోది కావాలి. నేనే వెళ్లి మాట్లాడాను.

"ఈ ట్రిప్పు బాగా జరిగితే సీజనంతా మీ గుర్రాన్నే పెట్టుకుంటా పెద్దాయనా. కరవదు కదా?"

"పెళ్లికొడుకుల్ని మోసిన గుర్రం బాబూ. పసిగుంటనెక్కించినా ఊరుకుంతాది."

మొదటి రోజు సరుగుడు తోటల పక్కన, తడి ఇసుక మీద గుర్రాలు వరసగా సాగాయి. చిన్నారి మీద రేవతి అనే బ్యాంకు ఉద్యోగిని కూర్చుంది. అచ్చియ్యమ్మా నేనూ సామాన్ల ఆటోలో వెనక వెళ్లాం. సాయంత్రం దిగి రేవతి, "మళ్లీ వచ్చినా నాకు ఇదే కావాలి ఆంటీ" అంది.

"ఇన్నావా అన్నియ్యా? మల్లీ వస్తాదంట!"

"నిన్ను సూడ్డానికి కాదులే, గుర్రం కోసం."

"నన్ను సూసినోల్లు మల్లీ రారని నాకు తెల్దేటి?" అని పకపకా నవ్వింది. పరదేశి పోయాక దాని నవ్వు వినడం అదే మొదటిసారి.

పని ఖాయం చేసేద్దామనుకున్నాను. మర్నాడు దారిలో ఉన్న జాలర్ల పల్లెకు ఆటోలో ముందే వెళ్లి, తెలిసిన డప్పులవాళ్లను పిలిపించాను. చిన్నారి ఆట చూస్తే దిలీప్ ఇంక వదలడనుకున్నాను. అచ్చియ్యమ్మకు చెప్పలేదు. అది దాణా సంచితో గుర్రాల వెనక నడిచి వస్తోంది.

గుర్రాలు పడవల మధ్యకు రాగానే చెయ్యెత్తాను. డప్పులు మోగాయి. చిన్నారి చెవులు నిక్కబొడిచి, ముందుకాళ్లెత్తింది.

"ఆపండ్రా! అన్నియ్యా, ఆపించు! కల్లెం ఎవులూ పట్టుకోనేదు!" వెనకనుంచి అచ్చియ్యమ్మ అరుస్తూ పరుగెత్తింది.

ఊరేగింపులో కళ్లేనికి మనిషి ఉంటుంది. ఇక్కడ ఎక్కినవాళ్లదే కళ్లెం. అన్నేళ్లు చూసిన నాకు ఆ తేడా తట్టలేదు. రేవతి ఇసుకలో పడి మణికట్టు విరిగింది. చిన్నారి ఎత్తిన కాళ్లు దించుతూ పడవ కట్టిన మోకులో కాలు వేసి, పక్కకు ఒరిగిపోయింది. ఎముక విరిగిన చప్పుడు డప్పుల్లోంచి కూడా వినబడింది.

పశువుల డాక్టరు వచ్చేదాకా అచ్చియ్యమ్మ దాని తల ఒళ్లో పెట్టుకుని, కొంగు తడిపి మూతి తుడుస్తూ కూర్చుంది.

"కట్టు కడితే అతకదా బాబూ?"

"గుర్రం నెలల తరబడి పడుకుని బతకలేదమ్మా."

దాని జూలులో ఇసుక దులిపి, "అయితే ఇంజక్షనిచ్చియ్యండి" అంది.

పల్లెవాళ్లు ఒడ్డుకు ఎగువన గొయ్యి తవ్వారు. నేనూ పార అందుకున్నాను. అచ్చియ్యమ్మ లాక్కుంది.

"నువ్వొద్దు."

"నీ మంచి కోసమే కదే సేసేను!"

"ఎవులడిగేరు? నన్నొక్క మాట అడిగితే నీ గొప్ప తగ్గిపోతాదేటి?"

మూడు నెలలైంది. ఇప్పుడది కూలికి చెరకు నరకడానికి వెళ్తోంది. నేను కనబడితే లోపలికెళ్లి తలుపేసుకుంటుంది. నిన్న ఆ తలుపు ముందు నిలబడి, తప్పు నాదేనే అన్నాను. జీవితంలో ఎవరితోనూ అనని మాట. లోపల గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. తలుపు తియ్యలేదు.