నా పోస్టు నుంచి ‘క్లియర్’ చెప్పని రోజు

తెలంగాణ రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడాది వానాకాలంలో నన్ను గోదావరిఖని దగ్గరి ఒక ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ సెక్షన్‌కు మార్చారు. అంతకుముందు క్యాంటీన్‌లో చేసేదాన్ని. నా భర్త చనిపోయాక ఆయన బదులు ఇచ్చిన ఉద్యోగం. హోదా జనరల్ మజ్దూర్, అంటే ఏ పని చెబితే ఆ పని. ఇక్కడ చెప్పింది గార్డు డ్యూటీ.

బొగ్గు మీదున్న బండను పగలగొట్టడానికి వరుసగా లోతైన బోర్లు వేసి, వాటిలో పేలుడు మందు నింపి కాలుస్తారు. రాళ్లు ఎగిరి ఎంత దూరం పడవచ్చో అంతమేర ప్రమాద ప్రాంతం. అందులోకి వచ్చే ప్రతి దారి మీద ఒక గార్డు ఉంటారు. చేతిలో ఎర్రజెండా, విజిల్, వాకీటాకీ. మొదటి సైరన్‌కు దారి మూయాలి. పేలుడు అయ్యాక మందు అంతా పేలిందా లేదా అని దాన్ని కాల్చిన షాట్‌ఫైరర్ చూసి వస్తాడు. ఆ తర్వాత ఒక్కో పోస్టు నుంచి గార్డు ‘క్లియర్’, అంటే తన వైపు అంతా క్షేమమని, వాకీటాకీ సెట్టులో చెప్పాలి. అన్ని పోస్టులూ చెబితేనే చివరి సైరన్ మోగుతుంది. అప్పటిదాకా తవ్వే షావెల్ కదలదు, మోసే డంపర్ కదలదు.

నాది ఊరి బండ్లబాట పోస్టు. ఆ రోజు పొద్దటి నుంచి ముసురు. మధ్యాహ్నం కాస్త తెరిపి ఇవ్వగానే సైరన్ కొట్టారు. నేను జెండా పట్టుకొని బాటకు అడ్డంగా నిలబడ్డాను. సరిగ్గా అప్పుడే మోటార్లు బాగుచేసే జానీ భాయ్ టీవీఎస్ మీద వచ్చాడు. అవతలి ఊళ్లో ఎవరిదో పంపు కాలిపోయిందట.

“అక్కా, గట్ల పోయి గిట్ల వస్త. ఒక్కటే పంపు.”

“సైరన్ ఇనవడలేదా భాయ్? రాయి వచ్చి నెత్తి మీద పడితే నీ నెత్తికి వెల్డింగ్ ఎవరు పెట్టాలె?”

“మా ఇంట్ల ఆమె పెడ్తది. రోజూ పెడ్తనే ఉంటది,” అని నవ్వి బండికి స్టాండు వేశాడు.

పేలింది. మామూలుగా పొగ బూడిదరంగులో లేచి చెదిరిపోతుంది. ఆ రోజు మాత్రం నారింజ రంగులో, బరువుగా, నేల మీద పాకుతూ వచ్చింది. బోర్లలో వాననీరు చేరి మందు తడిస్తే సరిగా కాలక అటువంటి పొగ వస్తుంది. అది నైట్రోజన్ డయాక్సైడ్ అనే విషవాయువు. ముసురు తెరిపిచ్చాక గాలి మా వైపు తిరిగిందని ఎవరూ చూడలేదు. “పైకి ఉరుకు భాయ్!” అని అరుస్తూ నేను పక్కనున్న మట్టిగుట్ట ఎక్కాను. అతను బండి కోసం వెనక్కి తిరిగాడు. ఒక కిక్కు, ఇంకో కిక్కు. స్టార్ట్ కాలేదు. చివరికి బండి వదిలేసి వచ్చేసరికి పొగ అతని తల దాటింది, దాని అంచు గుట్ట మీద నాకూ తగిలింది.

కాసేపు దగ్గాడు, కళ్లు తుడుచుకున్నాడు. అంతే.

“ఏం కాలే అక్కా. హోలీ ఆడినట్టయింది. సైరన్ కొట్టియ్యిరాదు, పోత.”

ఈ పొగ గురించి మా బ్లాస్టింగ్ ఆఫీసరు శిక్షణ తరగతిలో చెప్పి ఉన్నారు. పీల్చినవాడికి ముందు బాగానే ఉంటుంది, కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, అందుకని ఎవరినీ ఇంటికి పంపకూడదు అని. ఆ మాట గనిలో పనిచేసేవాళ్ల కోసం చెప్పింది. దారిన పోయేవాళ్ల సంగతి ఆయనా చెప్పలేదు, మేమూ అడగలేదు.

సెట్టులో ఒక్కో పోస్టు క్లియర్ చెబుతోంది. నా వంతు వచ్చింది. నేను మాట్లాడలేదు.

“రాజక్కా, నిద్రవోయినవా ఏంది? క్లియర్ చెప్పు, డంపర్లన్ని లైను కట్టినయి!” షిఫ్టు ఇన్‌ఛార్జి గొంతు.

“రాళ్లు పడలే సార్. ఎర్రపొగ వచ్చింది. ఇక్కడ ఒక మనిషికి బాగ తగిలింది, నాకు కొంచెం. బండి పంపుండ్రి.”

“ఎవరు, మన మనిషేనా?”

“కాదు సార్. పంపులు బాగుచేసే జానీ భాయ్.”

“మరింకేంది? పొమ్మను.”

“నా జెండా దగ్గర ఆగిన మనిషి సార్. నేనే ఆపిన. బండి వచ్చేదాక క్లియర్ చెప్ప.”

తర్వాత బ్లాస్టింగ్ ఆఫీసరు లైనులోకి వచ్చారు. కోస్తా నుంచి వచ్చిన మనిషి, నెమ్మదిగా మాట్లాడతారు. “రాజమ్మా, అతన్ని నడవనివ్వకండి. కూర్చోబెట్టండి. జీపు తీసుకుని నేనే వస్తున్నాను.”

జానీ భాయ్ మాత్రం జీపు ఎక్కనని మొండికేశాడు. పంపు ఆగింది, టూల్స్ బాట మీద ఉన్నాయి, ఎవడన్నా ఎత్తుకపోతే ఎట్ల అన్నాడు. ఆఫీసరు టూల్స్ సంచి తెచ్చి అతని ఒళ్లో పెట్టాక ఎక్కాడు. నేనూ ఎక్కి, జీపు కదిలాకే క్లియర్ చెప్పాను.

కంపెనీ దవాఖానలో అడిగిన ఉద్యోగుల కార్డు అతని దగ్గర లేదు. ఆఫీసరు తన పూచీ మీద చేర్పించి, ఏ వాయువు తగిలిందో డాక్టరమ్మకు రాసిచ్చారు. దీపాలు పెట్టే వేళ దాకా జానీ భాయ్ మంచం మీద కూర్చొని ఛాయ్ తెప్పించమని గొడవ చేశాడు. తర్వాత మాట మధ్యలో ఆగిపోయింది. పెదవులు నల్లబడ్డాయి. ఆక్సిజన్ మంచం పక్కనే సిద్ధంగా ఉంది కాబట్టి ఆలస్యం కాలేదు. అతను బతికాడు, ఇల్లు చేరడానికి చాలా రోజులే పట్టింది. నాకు గొంతుమంటతో పోయింది.

అతని భార్య నాతో ఒక్కటే మాటంది: “ఇంటికొస్తే అలసిండని పండవెట్టేదాన్ని కదా అక్కా.”

విచారణ జరిగింది. నీళ్లున్న బోర్లలో మందు ఎలా నింపారని ఆఫీసరును సంజాయిషీ అడిగారు. ఆయన దాచలేదు. పొగ రంగు, తగిలిన ఇద్దరి పేర్లు, అందులో ఒకరు బయటి మనిషి అన్న సంగతి రిపోర్టులో పెట్టారు. నా వాంగ్మూలం నేనే రాశాను. కాలనీలో సాయంత్రం తరగతికి పోయి, నడివయసులో నేర్చిన అక్షరాలు. ఆరేడు వాక్యాలకు మించలేదు. అవి సరిపోయాయి.

ఆ తర్వాత వానాకాలంలో బోర్ల నీళ్లు తోడకుండా మందు నింపడం ఆపారు. గార్డు పోస్టులను ఆనాటి గాలి చూసి మార్చడం మొదలుపెట్టారు. రిటైరయ్యే దాకా నేను ఆ బాట మీద డ్యూటీ చేశాను. జానీ భాయ్ వస్తే దూరం నుంచే “గాలి ఎటుంది అక్కా?” అని అరిచేవాడు. నేను చెయ్యి చూపించిన వైపు బండి నిలిపేవాడు.

గార్డు పని దారి మూయడమే అని నాకు మొదట చెప్పారు. రాళ్లకు అది చాలు. ఆపిన మనిషిని ఎక్కడ నిలబెట్టామో, పొగ పోయాక అతను ఎట్లా ఉన్నాడో చూడనిదే క్లియర్ చెప్పకూడదని ఆ రోజు నేర్చుకున్నాను. నా తర్వాత ఆ జెండా పట్టుకున్న అమ్మాయికి మొదటి రోజు అదే చెప్పి వచ్చాను.